రెండోసారి అడిగితే

రెండు పెట్టింది. అయిదుకి రెండు. నా స్క్రీను మీద మొదటి ప్రశ్న పక్కన ఖాళీ గడిలో ఆ అంకె వచ్చి కూర్చుంది. ‘రోజూ చదువు కోసం ఒక సమయం పెట్టుకుని ఆ సమయానికి కూర్చోగలను’ అన్నది ప్రశ్న. పూర్తిగా నిజమనుకుంటే అయిదు, బొత్తిగా కాదనుకుంటే ఒకటి. బల్లకి అటువైపు కంప్యూటరు ముందు కూర్చున్న మా తోడికోడలు ఉషశ్రీ ఒకసారి తలెత్తి నా వంక చూసి, నవ్వి, మళ్ళీ వంగింది. ఆ నవ్వే నాకు పడదు. పద్దెనిమిదేళ్ళుగా పడదు. ఏమీ తెలియనిదానిలా నవ్వుతుంది, మా అత్తగారు కరిగిపోతారు, మా ఆయన కరిగిపోతారు, చివరికి నా కడుపున పుట్టిన పిల్ల కూడా కరిగిపోయింది. పొద్దున్నే కైకలూరులో బస్సెక్కి, ఏలూరులో రైలు పట్టుకుని, నేను ఆఫీసు తాళం తీసేసరికే వచ్చి మెట్ల మీద కూర్చుంది, చేతిలో కాగితాల కవరు, ఒళ్ళో స్టీలు డబ్బా. డబ్బాలో రొయ్యల వేపుడట, నాకిష్టమని. నాకిష్టమే. అదే కదా నా ఖర్మ, ఆవిడ చేసిందే నాకిష్టం.

ఇలాంటి ప్రశ్నలు ఇరవై నాలుగు, మొత్తం నూట ఇరవై మార్కులు. ఎనభై దాటితే ‘ఆన్‌లైన్ చదువుకు సంసిద్ధులు’ అని వస్తుంది, దాటకపోతే ‘ప్రస్తుతానికి సంసిద్ధులు కారు’ అని వస్తుంది. ఏదొచ్చినా కింద నా పేరే ఉంటుంది, ప్రసన్నలక్ష్మి ఎం.ఏ., విద్యార్థి సలహాదారు, తాడేపల్లిగూడెం అధ్యయన కేంద్రం. పెద్ద ఉద్యోగమేం కాదు. బస్టాండు వెనక రెండు గదులు, ఆరు కంప్యూటర్లు, ఇన్‌ఛార్జి పాండురంగారావుగారు, నేను. ఇంట్లో కూర్చుని డిగ్రీ చదివేద్దామని వచ్చేవాళ్ళు మొదటి నెల హుషారుగా ఫోను తెరిచి మూడో నెలకి మానేస్తున్నారని, ముందే కూర్చోబెట్టి, బాబూ, నీకు తీరికుందా, ఇంట్లో సిగ్నలుందా, వెంటపడేవాళ్ళు లేకపోయినా చదువుతావా, అర్థం కాకపోతే నోరు తెరిచి అడుగుతావా అని ఎవరిని వాళ్ళే చూసుకోమంటాం. వాళ్ళు అక్కడ నొక్కిన అంకె ఇక్కడ నా ముందు పడుతుంది. వాళ్ళు ముగించాక నేను వాళ్ళతో మాట్లాడి, అవసరమనిపిస్తే పక్క గడిలో దిద్ది, ‘ధ్రువీకరించు’ అన్న మీట నొక్కాలి. నొక్కాక ఇక దేవుడు దిగొచ్చినా మారదు. దీనికంతటికీ గంట టైము, స్క్రీను మూల నిమిషాలు తగ్గుతూ కనిపిస్తాయి. ఇప్పుడు యాభై ఒకటి.

మూడు. రెండు. రెండు. ఏం రాస్తోందో ఈవిడకి తెలుస్తోందా అసలు. ‘ఎవరూ గుర్తుచేయకపోయినా నా పని వేళకి పూర్తి చేస్తాను.’ దానికి రెండు. చేపల చెరువుల మీద మేత వేళ ఒక్కనాడు దాటనివ్వదు, మా మరిది జయకృష్ణ కుంభకర్ణుడిలా పడుకుంటే తను అయిదింటికి గట్టు మీద ఉంటుంది, నీళ్ళ రంగు చూసి ఇవాళ మేత తగ్గించాలో పెంచాలో చెప్తుంది, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే చేపలు పైకి తేలకముందే ఈవిడకి తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుందమ్మా అంటే, ‘ఏదోనక్కా, చప్పుడు తేడాగా ఉంటేను’ అంటుంది. నేను ఆ ఊరు కోడలిగా వెళ్ళి ఇరవై మూడేళ్ళయింది, ఇవాళ్టికీ నాకు బొచ్చె చేపకీ శీలావతికీ తేడా చెప్పమంటే తడుముకుంటాను. అత్తిలిలో మాస్టారి కూతుర్ని, పుస్తకాలు తప్ప ఏం తెలియకుండా పెంచారు. మొదట్లో ఆ ఇంట్లో అదే నాకు పెద్ద పీట వేసింది. మా పెద్దకోడలు ఎం.ఏ. చదివిందండీ అని అత్తగారు చుట్టాలందరికీ చెప్పుకునేవారు, పంచాయతీ నుంచి కాగితం వచ్చినా, బ్యాంకు నుంచి వచ్చినా, ప్రసన్నని పిలవండి. అయిదేళ్ళు అలా వెలిగాను. తర్వాత డిగ్రీ మొదటి ఏడాది మధ్యలో మాన్పించి తెచ్చిన ఈ ఉష వచ్చింది, నెల తిరిగేసరికి, ఉషని అడగండి. వంట ఎలా ఉండాలో ఉషని అడగండి, కూలీలకి ఏం చెప్పాలో ఉషని అడగండి. కాగితాలకి మాత్రం ప్రసన్న. ఆ తర్వాత మేం గూడెం వచ్చేశాం, మా ఆయన వెంకట్రాజుగారికి మార్కెట్ యార్డులో ఉద్యోగమని. ఉద్యోగం ఒక వంక. నాకే పడలేదు అక్కడ.

ఆ ఎం.ఏ. ఒక్కటే నాకు మిగిలింది. అందులో కూడా ఈవిడ వచ్చి కూర్చుంటానంటోంది.

నాకు తెలియకూడదా ముందు. దరఖాస్తు పెట్టింది మా మృదుల. నా కూతురు. ఇక్కడే, ఈ ఊళ్ళోనే ఇంజనీరింగ్ చదువుతోంది, రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తింటుంది, ఒక్క మాట చెప్పలేదు. పిన్ని ఫోటో స్కాన్ చేసింది, పిన్ని ఇంటర్ సర్టిఫికెట్టు ఎక్కించింది, నేను పనిచేసే కేంద్రమే ఎంచింది, నిన్న సాయంత్రం పాండురంగారావుగారు ఇవాళ్టి పేర్లు చదువుతుంటే ఇంటిపేరు వినగానే నాకు తలకొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి అడిగితే, ‘పిన్నే చెప్పొద్దందమ్మా, నువ్వు సరే అంటావో అనవోనని’ అంది. అంటే ఇద్దరూ నా గురించి మాట్లాడుకున్నారన్నమాట. నేను సరే అనకపోవచ్చని ఇద్దరికీ తెలుసన్నమాట. ఇది మొదటిసారి కాదు. ఇంటర్‌లో లెక్కలు తప్పినప్పుడు మృదుల ముందు ఫోను చేసింది నాకు కాదు, పిన్నికి. రెండ్రోజులు నాకు తెలియదు. సలహాదారుని నేను, ఊళ్ళో పిల్లలందరూ వచ్చి నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, నా పిల్ల మాత్రం కొల్లేటి గట్టుమీద ఉన్న పిన్నికి చెప్పుకుంటుంది. ఆ రోజు నుంచీ నేను ఉష మీద కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాను. పైకి మాత్రం, ‘బాగున్నావా ఉషా, పిల్లలు బాగున్నారా.’

ఒకటి. కొత్త యాప్ నేర్చుకోవడానికి వెనకాడను అన్నదానికి ఒకటి. నాకు నవ్వొచ్చింది, గట్టిగా వచ్చేది, దగ్గుగా మార్చుకున్నాను. ‘మంచినీళ్ళు తాగుతారా అక్కా’ అని తన సీసా ముందుకి జరిపింది. వద్దన్నాను. కరోనా ఏడాది గుర్తొచ్చింది. అప్పుడు నేను ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని, క్లాసులన్నీ ఫోనులోకి వచ్చేశాయి, అరవైమంది పిల్లలు కెమెరాలు కట్టేసి కూర్చుంటే నేను నల్లటి గడులకి ఛందస్సు చెప్పేదాన్ని. మైకు ఎక్కడుందో వెతుక్కునేదాన్ని. ఒకసారి అరగంట మాట్లాడాక ఒక పిల్ల, మేడమ్ మీ మాట వినపడట్లేదు అని రాసింది. అదే ఏడాది ఉష, గట్టు మీద సిగ్నలున్న చోటు చూసుకుని, వెదురుకర్రకి ఫోను కట్టి, చేపల పెంపకం మీద మూడు నెలల ఆన్‌లైన్ శిక్షణకి కూర్చుంది. ఒక్క క్లాసు పోనివ్వలేదు. కొడుకు పాత నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాల మీద రాసుకునేది. అక్కడెవరో సైంటిస్టుగారు చెప్తుంటే, ‘ఏవండీ, అది నాకు అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్తారా’ అని మూడుసార్లు అడిగిందట, నాలుగోసారి ఆయనే, మీరు చెప్పేది నిజమేనమ్మా, నేనే తప్పు చెప్పాను అన్నారట. ఇది ఆవిడ చెప్పుకోలేదు. మృదుల చెప్పింది, గొప్పగా, మా పిన్ని అని. నేను ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. అజీర్తి అని చెప్పాను ఇంట్లో.

‘అర్థం కానిది అడగడానికి సందేహించను.’ రెండు.

ఈ రెండులూ ఒకట్లూ ఎందుకు పడుతున్నాయో నాకు తెలుసు. ఈ జిల్లాలో ఇంకెవరు మర్చిపోయినా నేను మర్చిపోడానికి వీల్లేని సంగతి అది, ఎందుకంటే కనిపెట్టిందే నేను. రెండేళ్ళ కిందట యేసుదాసు అని ఒకతను వచ్చాడు, స్టేషను రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. కంప్యూటరు వాడటం వచ్చు అన్నదానికి ఒకటి పెట్టుకున్నాడు. అతను రాస్తుండగానే నెట్టు పోయింది. లేచి, ‘ఏవండీ, నన్నోసారి చూడమంటారా’ అని, రౌటరు విప్పి అయిదు నిమిషాల్లో బాగుచేసి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుని, తర్వాతి ప్రశ్నకి మళ్ళీ ఒకటి పెట్టాడు. ఇదేంటయ్యా అంటే, ‘ఏదోనండి, కొద్దిగా వచ్చండి. మాకు మేమే అయిదు వేసుకుంటే బాగోదు కదండీ’ అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. భోంచేస్తారా అంటే మన వైపు ఎవరైనా చేస్తాను అంటారా. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా ఇప్పుడే తినొచ్చామండీ అంటారు. అడిగినవాళ్ళకీ తెలుసు అది అబద్ధమని, కొద్దిగా తినండి అని రెండోసారి అడుగుతారు, వద్దండీ అంటారు, మూడోసారి అడగరు, విస్తరి వేసేస్తారు. ఆ ఫారం రాసినవాళ్ళు ఏ పెద్ద ఊళ్ళో కూర్చుని రాశారో, వాళ్ళు ఒక్కసారే అడిగి లెక్క కట్టేస్తున్నారు. అందుకే మా కేంద్రం నుంచి ఏటా సగం మంది పోతున్నారు. వద్దన్నవాళ్ళని నిజంగానే వద్దన్నారనుకుని లేపేస్తున్నాం.

అప్పటి నుంచీ నేను కుర్చీ పక్కకి లాగించి, ఒక్కో ప్రశ్నా నోటితో మళ్ళీ అడగడం మొదలుపెట్టాను. కిందటేడు ఏలూరులో సలహాదారులందరికీ శిక్షణ పెడితే పాండురంగారావుగారు నాచేత మాట్లాడించారు. రెండోసారి అడగండి అని చెప్పి కూర్చున్నాను, చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, ‘బాగుంది, ఉషకి చెప్పావా, సంతోషిస్తుంది’ అన్నారు.

ముప్పై నాలుగు నిమిషాలు. పద్దెనిమిదో ప్రశ్న మీద ఉంది. పెదవులు కదుపుతూ చదువుతోంది. కళ్ళజోడు కొత్తది, మెడలో తాడుకి వేలాడదీసుకుంది, ముప్పై ఎనిమిది వచ్చాయి మరి. నేను ఏం చేయక్కర్లేదు. తప్పు చేయక్కర్లేదు, మార్కులు తగ్గించక్కర్లేదు, ఎవరికీ చెడ్డమాట చెప్పక్కర్లేదు. ఊరికే రెండోసారి అడక్కుండా ఉంటే చాలు. ఆవిడ వేసుకున్న మార్కులు ఆవిడవే, స్వయంగా వేసుకున్నవే, నేను మీట నొక్కుతాను, అంతే. ‘అయ్యో ఉషా, కొద్దిలో పోయిందమ్మా’ అంటాను. నిన్న సాయంత్రం మా మరిది ఫోను చేశాడు కూడా. ‘వదినా, మీరు చూసి చెప్పండి, మీకంటే ఎవరికి తెలుస్తుంది. ఈ ఒక్కసారికి సరేనన్నాను. పనికిరాదన్నారంటే ఇంక ఆ మాట ఇంట్లో ఎత్తనని తనే ఒప్పుకుంది. ఈ వయసులో ఎందుకండీ ఇవన్నీ’ అన్నాడు. మంచివాడే. పెళ్ళాం డిగ్రీ చదివితే చెరువులు ఎవరు చూస్తారన్న బెంగ తప్ప చెడ్డవాడు కాదు. దరఖాస్తులకి ఇవాళే ఆఖరు. అంటే నేను నోరు మూసుకుంటే ఇవాళ్టితో సరి, మళ్ళీ ఏడాది లేదు, ఎప్పటికీ లేదు. ఇరవయ్యో ఏట పెళ్ళి పేరుతో ఒకసారి ఆపారు, ఇప్పుడు నేను. ఎవరూ ఏమీ అనరు. ఆవిడ అసలే అనదు. ‘పర్లేదక్కా, నాకు తెలుసు రాదని’ అని నవ్వుతుంది, ఆ నవ్వే, డబ్బా కడిగి ఉంచండక్కా మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటాను అంటుంది, పన్నెండున్నర రైలుకి వెళ్ళిపోతుంది. అత్తగారు, ‘చదువంటే ప్రసన్నదేనే’ అంటారు. చాలా ఏళ్ళయింది ఆ మాట విని.

కిటికీలోంచి బియ్యం మిల్లు తవుడు వాసన వస్తోంది. మూడు. రెండు. ఒకటి. ‘నిశ్శబ్దంగా కూర్చుని చదువుకునే చోటు ఉంది’, ఒకటి. అది కొంత నిజమే, ఆ ఇంట్లో నిశ్శబ్దం ఎక్కడుంది, గుమ్మంలో ఎప్పుడూ మేతబస్తాలవాళ్ళో, వలలవాళ్ళో, మంచులారీ డ్రైవర్లో, లోపల మంచం మీద అత్తగారు టీవీ పెద్దగా పెట్టుకుని. అత్తగారు. ఆవిడకి తుంటి ఎముక విరిగినప్పుడు ఎనిమిది నెలలు. డాక్టరు చెప్పిన వ్యాయామం రోజుకి మూడుసార్లు చేయించాలి, ఆవిడ అరుస్తుంది, తిడుతుంది, నన్ను చంపేస్తున్నావే అంటుంది. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని, బత్తాయిలు పట్టుకుని. ఒక ఆదివారం వెళ్ళేసరికి ఉష ఆవిడ కాలు పట్టుకుని ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతోంది, ఆవిడ తిడుతుంటే, ‘తిట్టండి అత్తయ్యా, తిట్టు తిట్టుకీ ఒకటి ఎక్కువ’ అంటోంది, ఇద్దరూ నవ్వుతున్నారు. నేను గుమ్మంలో సంచి పట్టుకుని నిలబడ్డాను. ఎనిమిదో నెలలో ఆవిడ నడిచారు. నడిచిన మొదటి అడుగు ఉష వైపు. నేను వీడియోలో చూశాను.

“అయిపోయిందక్కా,” అంది. కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది.

కింద మొత్తం వచ్చింది. యాభై అయిదు. పక్కన ఎర్రటి అక్షరాల్లో, ప్రస్తుతానికి సంసిద్ధులు కారు, ధ్రువీకరించండి. ఇరవై రెండు నిమిషాలున్నాయి. మౌసు నా చేతిలోనే ఉంది. అవతలి గదిలో పాండురంగారావుగారు ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నారు. ఉష రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గోడ మీది క్యాలెండరు చూస్తోంది, నా స్క్రీను వైపు చూడకూడదని, చూస్తే మర్యాద కాదని. నేను పైనుంచి కిందికి ఒకసారి చూసుకుంటూ వచ్చాను. చివరిది ఇరవై నాలుగోది. ‘మొదలుపెట్టిన పనిని మధ్యలో వదలను.’ రెండు.

రెండా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. అత్తగారిని ఎనిమిది నెలలు నడిపించినదానికి రెండా. కర్రకి ఫోను కట్టి మూడు నెలలు కూర్చున్నదానికి రెండా. ఈవిడ రెండు మనిషైతే నేను పద్దెనిమిదేళ్ళు దేన్ని చూసి ఏడ్చినట్టు. నా అన్నం మానడం, నా అజీర్తులు, గూడెం వచ్చేయడం, నా కూతురి మీద అలగడం, ఇదంతా ఒక రెండు మార్కుల మనిషి కోసమా. మా ఆయనకి ఈవిడ వంట తెలుసు, మా మరిదికి ఈవిడ చాకిరీ తెలుసు, అత్తగారికి నవ్వు తెలుసు. ఈవిడకి ఏమేం వచ్చో, ఎప్పుడు ఎలా నేర్చుకుందో, ఏ పని ఏ రోజు ఎలా చేసిందో, ఒక్కటి వదలకుండా ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నది నేనొక్కదాన్నే. కుళ్ళుకుంటూ గుర్తుపెట్టుకున్నాను, అయితే మాత్రం. ఈవిడ గురించి నా దగ్గర అబద్ధం చెల్లదు. ఈవిడ చెప్పినా సరే చెల్లదు.

“ఉషా, ఇటు రా. కుర్చీ ఇటు లాక్కో,” అన్నాను. గొంతు కాస్త కటువుగానే వచ్చింది.

“తప్పు నొక్కానా అక్కా?”

“ఇదేంటి ఇది? మొదలుపెట్టిన పని మధ్యలో వదలనన్నదానికి రెండేంటి?”

“ఏదోనక్కా. మనిషన్నాక అప్పుడప్పుడూ వదిలేస్తాం కదా.”

“ఏం వదిలేశావు? ఒకటి చెప్పు.”

నిజంగానే ఆలోచించింది. చెవి పక్క జుట్టు సర్దుకుని, నేల చూస్తూ, “డిగ్రీ,” అంది.

పాండురంగారావుగారి ఫోను అయిపోయినట్టుంది, పక్క గది సద్దుమణిగింది.

“అది నువ్వు వదల్లేదు. నీకు పెళ్ళి చేశారు. ఇంకోటి చెప్పు.”

ఇంకా ఆలోచించింది. పాపం, నాకోసం ఒకటి వెతికిపెడదామని చూస్తోంది. “ఇంకేం గుర్తురావట్లేదక్కా,” అంది చివరికి, క్షమించమన్నట్టు.

“మరి?”

“పోనీ నాలుగు వేయండి.”

“అయిదు.”

“అయిదంటే బాగోదక్కా.”

“వేసేది నేను. నువ్వు కాదు.”

వేశాను. పై నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. వేళకి కూర్చోగలవా, చెరువు దగ్గరకి అయిదింటికి వెళ్ళేది ఎవరు, ‘నేనేనక్కా’, అయితే అయిదు. కొత్త యాప్ నేర్చుకోలేవా, చెరువులో ఆక్సిజన్ ఎంతుందో ఫోనులో చూసి చెప్పేది ఎవరు, ‘అది పిల్లలు నేర్పారక్కా’, అబద్ధం, నువ్వే పిల్లలకి నేర్పావు, మృదుల చెప్పింది, అయిదు. ఆవిడ కిందికి లాగుతోంది, నేను పైకి లాగుతున్నాను, సంతలో బేరం తిరగబడినట్టుంది. అడగడానికి సందేహించవా అన్నదాని దగ్గర సైంటిస్టుగారి సంగతి ఎత్తాను. “అది మీకెలా తెలుసక్కా,” అని తెల్లబోయింది. నాకు అన్నీ తెలుసు. వెదురుకర్ర తెలుసు, పాత నోటుబుక్కులు తెలుసు, ‘తిట్టు తిట్టుకీ ఒకటి ఎక్కువ’ తెలుసు. ఒక్కొక్కటీ చెప్తుంటే ఆవిడ మొహం మెల్లగా మారింది, నవ్వు పోయి, మొదటిసారి నన్ను సూటిగా చూసింది. “ఇవన్నీ మీరు గుర్తుపెట్టుకున్నారా,” అంది. అభిమానం అనుకుంది. అనుకోనీ. నిశ్శబ్దమైన చోటు దగ్గర మాత్రం నేనే ఆగాను. “ఇది నిజంగానే లేదు కదా,” అన్నాను.

“గట్టు మీద కాపలా గది ఉందక్కా. పగలు ఎవరూ ఉండరు. మోటారు చప్పుడు ఉంటుందనుకోండి, అలవాటైపోతే అది వినపడదు. అక్కడ బల్ల వేయించుకుందామని చూశాను.”

చూశానంటోంది. ఇంకా ఫారం కూడా నింపకముందే వెళ్ళి, ఎక్కడ కూర్చోవాలో, బల్ల ఎటు తిప్పాలో చూసుకుని వచ్చింది. ఆ గదిలో ఈవిడ ఒక్కతే కూర్చుని చదువుకోవడం నా కళ్ళకి కట్టింది, కిటికీ అవతల నీళ్ళు, కళ్ళజోడు, పాఠం. నాకు అంత పెద్ద ఇంట్లో, ఇంత ఊళ్ళో, అలాంటి చోటు ఎప్పుడూ లేదు. అంటే నేను చూసుకోలేదు. నాలుగు వేశాను. నిజానికి అయిదు వేయాలి. నాలుగే వేశాను.

ఆరు నిమిషాలుండగా అయింది. నూట పన్నెండు. ఆకుపచ్చ అక్షరాలు. నేను చేరినప్పటి నుంచీ ఈ కేంద్రంలో నూట ఆరు దాటినవాళ్ళు లేరు. మీట నొక్కాను, నా పేరు కింద ఇవాళ్టి తారీకు పడింది, ఇక అది మారదు. ఉష స్క్రీను చూడొచ్చా అని అడిగి చూసింది. చూసి, చేత్తో నోరు మూసుకుంది. కళ్ళనీళ్ళు తిరిగాయేమో, కళ్ళజోడు పెట్టేసుకుంది వెంటనే. నేను ప్రింటరు దగ్గరికి వెళ్ళి కాగితం తీసుకొచ్చి, సంతకం పెట్టి చేతికిచ్చాను. ఏమన్నా అనాలి కదా, “బాగా చదువు,” అన్నాను. అభినందనలు అని రాలేదు నోట్లోంచి. ఎంత ప్రయత్నించినా రాలేదు.

కాగితం కవరులో పెట్టుకుని, డబ్బా నా బల్ల మీద పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

“అక్కా, మీరూ రాసే ఉంటారు కదా ఇది. మీకెంత వచ్చింది?”

రాశాను. మొన్న వేసవిలో, పాండురంగారావుగారు సెలవులో ఉన్నప్పుడు, తలుపు దగ్గరగా వేసుకుని. మానసిక సలహాల మీద ఏడాది ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఉంది, అది చేస్తే జీతం మాట ఎలా ఉన్నా పేరు వెనక ఇంకో రెండు అక్షరాలు చేరతాయని. గదిలో ఎవరూ లేరు కాబట్టి ఎవరి ముందూ తగ్గక్కర్లేదు, ఉన్నదున్నట్టే వేసుకున్నాను. వేళకి కూర్చుంటానా, రెండు. మొదలుపెట్టింది వదలనా, ఒకటి, వదిలేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ. రెండోసారి కూడా అడుక్కున్నాను నన్ను నేనే. ఒక్క అంకె మారలేదు. ఫారం మూసేసి, కిటికీలు వేసి, ఇంటికెళ్ళిపోయాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. ఇన్నాళ్ళకి, అడగ్గానే, ఎందుకో మరి, నోట్లోంచి అదే వచ్చేసింది.

“యాభై ఎనిమిది,” అన్నాను.

ఉష ఒక్క క్షణం చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది, ఆ నవ్వే. “ఊరుకోండక్కా, మీరు మరీనూ. ఇంతసేపూ నన్ను కూకలేసి మీరే అలా తగ్గించుకుంటారేంటి.” రెండడుగులు లోపలికి వచ్చింది. నా బల్ల మీద చెయ్యి వేసి, కొద్దిగా వంగి, నేను ఊళ్ళో వాళ్ళందరినీ ఎంత మెత్తగా అడుగుతానో అంత మెత్తగా, “నిజంగా చెప్పండి, ఎంతక్కా?” అంది.

“నూట పద్నాలుగు,” అన్నాను.

“అదీ, అలా చెప్పండి మరి,” అంది, మనస్ఫూర్తిగా సంతోషపడిపోతూ. “అయితే మీకంటే రెండే తక్కువన్నమాట నాకు.”

“రెండే,” అన్నాను.